ఎడమవైపు నీడ

కూతురు కేకుల షాపు పెట్టిన రోజు నుంచీ పెయింటరు ఆ షాపు ముందు గుమ్మంలోంచి ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. పక్క సందులోంచి, ఖాళీ పిండి సంచులూ వంకరపోయిన ట్రేలూ దాటుకుంటూ, వెనక తలుపు తోసుకుని వెళ్ళేవాడు. ఎవరైనా అడిగితే అది దగ్గర దారి అనేవాడు. నిజానికి అది చుట్టుదారి, పైగా బురద.

అసలు సంగతి ముందు గుమ్మం మీది బోర్డు. కంప్యూటర్లో కొట్టి అచ్చు వేయించిన ప్లాస్టిక్ బోర్డు. ఒకప్పుడు ఆ బజారు వీధిలో బోర్డులన్నీ పెయింటరు చేత్తో రాసినవే. మందుల షాపు, చెప్పుల షాపు, పళ్ళ డాక్టరు, తాళాలు బాగుచేసేవాడు, అందరూ ఆయన వాకిట్లో పడిగాపులు కాసినవాళ్ళే. ఆయనది ఎడమచేతి వాటం. అక్షరానికి నీడ వేసేటప్పుడు మిగతా పెయింటర్లందరూ కుడివైపు వేస్తే ఈయన ఎడమవైపు వేసేవాడు. “సూర్యుడు నీ ఒక్కడి కోసం అటుపక్క నిలబడతాడా?” అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. “నా బోర్డు, నా సూర్యుడు” అనేవాడు.

తర్వాత అచ్చు బోర్డులొచ్చాయి. ఒక్కొక్క షాపూ ఆయన రాసిన రేకు దించేసి, మెరిసే ప్లాస్టిక్కు తగిలించుకుంది. ఆ బాధ ఆయన మింగేశాడు. ఊరంతా మారితే ఊరితో ఏం పేచీ పెట్టుకుంటాం? కానీ కన్నకూతురు కూడా మాటమాత్రంగానైనా అడక్కుండా అచ్చు బోర్డు వేయించింది. అది మాత్రం మింగుడుపడలేదు. పైకి ఒక్క మాటా అనలేదు. అనకుండా వెనక తలుపు పట్టాడు. ఈ మనిషి అలక అలాగే ఉంటుంది. ఎదుటివాళ్ళకి తెలియాలి, తను మాత్రం చెప్పకూడదు.

వెనక గదిలో ఓవెన్ పక్కన స్టూలు వేసుకుని అట్టపెట్టెలు మడవడం ఆయన పని. ఎవరూ పెట్టిన పని కాదు, తనే పెట్టుకున్నాడు. మడతలు మాత్రం గీత గీసినట్టు వచ్చేవి.

కూతురి చేతిలో కేకు గొప్పగా కుదిరేది. ఆ మాట ఆయన కూడా కాదనలేడు. క్రీము సంచి పట్టుకుని వెడల్పు తల ఉన్న మేకు మీద గులాబీ చుట్టిందంటే, రేకు రేకుకీ అంచు పలచబడి, నిజం పువ్వే సిగ్గుపడాలి. ఎటొచ్చీ రాత దగ్గరే వచ్చింది చిక్కంతా. మొదటి అక్షరం ఏనుగంత మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి చోటు చాలక, ఆఖరి అక్షరాన్ని అంచు మీద చీమలా ఇరికించేది. ఇన్నాళ్ళూ రాత పని చూసిన అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ కేకుల మీద అక్షరాలు కోడి కెలికినట్టు తయారయ్యాయి. పెయింటరు పెట్టెలు మడుస్తూ ఓరకంట చూసేవాడు, పళ్ళు నూరుకునేవాడు, మళ్ళీ మడిచేవాడు.

ఒక ఉదయం వీధి చివరి మెకానిక్ వచ్చాడు. గోళ్ళలో నల్లటి గ్రీజు, చేతిలో మడిచిన కాగితం. వెనక గదిలోకి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

“చెల్లెమ్మా, రేపు మా అమ్మకి ఎనభై నిండుతాయి. కేకు కావాలి.”

“అలాగే అన్నయ్యా. ఏం రాయమంటావు?”

“అదే చెప్పాలి నీకు. అమ్మకి చూపు బాగా తగ్గిపోయింది. కిందటేడు కేకు తెచ్చాం. అందరం చుట్టూ నిలబడి మీద ఏం రాసుందో చదివి వినిపించాం. ఆవిడ నవ్వి ఊరుకుంది. రాత్రి భోజనాలయ్యాక నాతో అంది, ‘నా పుట్టినరోజు కూడా మీరే చదివిపెట్టాలట్రా’ అని.” మెకానిక్ చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు. “ఈసారి ఆవిడే చదవాలి. అంతకంటే నాకేం వద్దు. పువ్వులు లేకపోయినా పర్లేదు.”

“చదువుతారులే అన్నయ్యా, పెద్దగా రాస్తాను” అంది కూతురు. ఆ మాటలో ధైర్యం లేదని పెయింటరుకి అట్టపెట్టెల మధ్య నుంచే తెలిసిపోయింది.

మెకానిక్ ఇచ్చిపోయిన కాగితంలో పొడుగాటి వాక్యం ఉంది. మమ్మల్ని కని పెంచి ఇంతవాళ్ళని చేసిన మా ప్రియమైన అమ్మగారికి ఎనభయ్యవ పుట్టినరోజు శుభాకాంక్షలు, అని. కూతురు స్టీలు పళ్ళెం బోర్లించి, దాని మీద చాక్లెట్ కోనుతో ఆ వాక్యం రాసి చూసింది. తుడిచింది. మళ్ళీ రాసింది. పళ్ళేన్ని గది అవతలి కొసనున్న షెల్ఫుకి ఆనించి, కళ్ళు చికిలించి చూసింది. షెల్ఫు మీద ఏదో పాకుతున్నట్టు కనిపించింది తప్ప ఒక్క ముక్క తెలియలేదు.

అన్నం డబ్బా పట్టుకుని పెయింటరు భార్య వచ్చేసరికి కూతురు చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయి ఉంది. తల్లి పళ్ళెం చూసింది, కూతుర్ని చూసింది, స్టూలు మీది మనిషిని చూసింది.

“ఇంట్లో ఇంత రాతగాణ్ణి పెట్టుకుని ఈ అవస్థ ఏమిటే? మీ నాన్న రాయరూ?”

“నేనా?” అన్నాడు పెయింటరు, పాము కరిచినట్టు. “తినేదాని మీద రాసేది కూడా ఒక రాతేనా? పొద్దున రాస్తే సాయంత్రానికి కోసి మింగేస్తారు.”

“మీరు రేకుల మీద రాసినవి మాత్రం ఉన్నాయిటండీ? అవీ దించేశారుగా.”

ఆవిడ ఊరికే అంది, అలవాటైన వేళాకోళం. కానీ అన్నాక తనకే నోరు జారినట్టనిపించి, డబ్బా మూత తీసి గబగబా అన్నం వడ్డించింది. పెయింటరు తలెత్తలేదు. ముగ్గురూ ఎవరి ముద్ద వాళ్ళు మింగి లేచారు.

భోజనాలయ్యాక షాపు కాసేపు మూసి, తల్లీకూతుళ్ళు గుడ్లు తేవడానికి బజారు వెళ్ళారు. పెయింటరు ఒక్కడే మిగిలాడు. ఫ్రిజ్ తలుపు అద్దంలోంచి మెకానిక్ తల్లి కేకు కనిపిస్తోంది. తెల్లటి క్రీము పూసి, చదునైన కత్తితో సాపు చేసి ఉంది. గుండ్రంగా, తెల్లగా, నున్నగా. ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి రాసింది అలాంటి ఖాళీల మీదే. రంగు వేసి ఆరబెట్టిన కొత్త రేకు ముందు నిలబడినప్పుడు వేళ్ళు వాటంతటవే గాల్లో అక్షరాలు గీసేవి. ఇన్నేళ్ళ తర్వాత, వెధవ కేకు ముందు, మళ్ళీ గీశాయి.

చెయ్యి ఇంకా పలుకుతుందా? ఆ ఒక్కటీ తెలుసుకోవాలి. పలకకపోతే ఇక ఈ జన్మకి పెట్టెలు మడుచుకోవడమే. ఎవరూ లేరు కదా, ఎవరికీ తెలియదు కదా అనుకున్నాడు. పళ్ళెం మీద రాసి చూద్దామన్న బుద్ధి పుట్టొచ్చు కదా? పుట్టలేదు. పెయింటరంటే పళ్ళెం మీద ప్రాక్టీసు చేసే మనిషా? కేకునే బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. కోను ఎడమ చేతిలోకి తీసుకున్నాడు.

కుంచెని రేకు మీద ఆనించి లాగడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది. కోనుని కూడా అలాగే ఆనించి లాగాడు. కొస క్రీములో దిగబడి, నాగలి చాలులా గాడి పడింది. సరే, కాస్త తేలిగ్గా పట్టుకుందామనుకున్నాడు. నంబరు ప్లేట్లలాంటి చిన్న పనికి ఆయన చిటికెన వేలు ఆన్చుకుని రాసేవాడు. ఆ వేలు ఎవరూ చెప్పకుండానే కిందికి వాలి ఆనుకుంది. అది రేకు కాదని, మెత్తటి క్రీమని వేలికేం తెలుసు? వేలు సగం దాకా దిగింది. ఉలిక్కిపడి తీశాడు. రెండో అక్షరం దగ్గర మళ్ళీ దిగింది. పైగా ఎడమచేతి వాటం కావడంతో, రాసిన అక్షరం మీదికే అరచెయ్యి వచ్చి దాన్ని అలికేసింది. మొండితనం కొద్దీ వరస చివరిదాకా వెళ్ళాడు. వేలు ఆన్చకుండా గాల్లో రాద్దామంటే చెయ్యి వణికింది. సన్నగా, ఆగకుండా వణికింది.

వెనక తలుపు తీసిన చప్పుడు వినిపించింది. కూతురు గుడ్ల ట్రే పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. కేకు మీద నల్లటి వంకర గీతలు, అక్షరానికో గొయ్యి, తండ్రి చిటికెన వేలికి క్రీము.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

“అయిపోయిందే” అన్నాడు పెయింటరు, కోను బల్ల మీద పెట్టేస్తూ. “ఆ రోజు బోర్డు రాయమని నువ్వు నన్ను అడక్కపోవడమే మంచిదైంది. అడిగుంటే నలుగురిలో పరువు పోయేది.”

ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోని మాట బల్ల మీదికి వచ్చిపడింది. కూతురు ట్రే కింద పెట్టింది.

“నాన్నా, ఎందుకు అడగలేదో తెలుసా? షాపు పెట్టే ముందు నీకు టీ ఇచ్చాను. గ్లాసు నీ చేతిలో టకటకలాడింది. నువ్వది రెండు చేతులతో పట్టుకుని, నేను చూడలేదనుకుని కిటికీ వైపు తిరిగావు. బోర్డు రాయమంటే నువ్వు కాదనవు. రాస్తూ మధ్యలో ఆగిపోతే? బజారంతా చూస్తుంటే? నాకు భయమేసింది. అందుకని అడగలేదు. అడక్కపోవడం అంతకంటే తప్పని తర్వాత తెలిసింది. అప్పటికే నువ్వు వెనక గుమ్మం పట్టావు.”

కూతురు తనని లెక్కలోంచి తీసేసిందని ఇన్నాళ్ళూ కుమిలాడు. అది ప్రేమ అని తెలియగానే కోపం ఎటు పోయిందో తెలియలేదు కానీ, దాని చోట ఏం పెట్టుకోవాలో కూడా తెలియలేదు. మనిషికి పాత కోపం ఊడిపోతే కాసేపు చలేస్తుంది.

ఓవెన్ వేడికి గది ఉడికిపోతోంది. కళ్ళు తుడుచుకోవడం తండ్రికి కనబడకూడదని, కూతురు మూలనున్న కర్ర తీసుకుని పైనున్న కిటికీ రెక్కని తోయబోయింది. సన్నటి పొడుగాటి కర్ర, కొసన పాత గుడ్డ ఉండ కట్టి ఉంది.

పెయింటరు చటుక్కున లేచాడు.

“ఏదీ, ఆ కర్ర ఇలా ఇవ్వు. ఇది ఎక్కడిదే?”

“అమ్మ తెచ్చింది. కిటికీ అందట్లేదంటే ఇంట్లో అటక మీదుందని...”

“కిటికీ తోయడానికా! పెద్ద బోర్డులు రాసేటప్పుడు గుడ్డ ఉన్న కొస గోడకి ఆన్చి, కర్ర మీద చెయ్యి వేసుకుని రాసేవాణ్ణే దీంతో! నా కర్రతో కిటికీలు తోస్తున్నారా మీ తల్లీకూతుళ్ళు! ఇంకా నయం, చీపురు కట్టలేదు!”

గుడ్ల లెక్క తేల్చుకుని వెనకాలే వచ్చిన తల్లి గుమ్మంలోనే నిలబడింది. “కట్టాననుకోండి, పొడుగు ఎక్కువైందని తీసేశాను” అంది నిమ్మకు నీరెత్తినట్టు.

పెయింటరు ఆ మాట వినలేదు. కర్రని చేతిలో తిప్పి చూస్తున్నాడు. చెయ్యి ఆనుకునే చోట కర్ర ఇంకా నున్నగానే ఉంది. కేకు వైపు చూశాడు. అటు ఒక డబ్బా, ఇటు ఒక డబ్బా, రెండూ కేకు కంటే వేలెడు ఎత్తున్నవి, బోర్లించమన్నాడు. వాటి మీద కర్ర అడ్డంగా పరిచాడు. కర్ర కేకు మీదుగా వంతెనలా నిలిచింది. దాని మీద మణికట్టు ఆన్చాడు. వణుకు తగ్గింది. పూర్తిగా పోలేదు కానీ, దారికొచ్చింది.

“ఇప్పుడు నువ్వు చెప్పు” అన్నాడు కూతురితో, కోను చూపిస్తూ. “ఇది నా కుంచె కాదు. దీని మాట నీకే తెలుసు.”

కూతురు పాడైన క్రీము గీకేసి, కొత్తగా పూసి, కేకుని కాసేపు ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చింది. ఆలోగా పళ్ళెం మీద నేర్పింది. “ఆన్చకు నాన్నా. కొస పైనే ఉండాలి. నువ్వు సమంగా నొక్కితే దారంలా జారుతుంది, దాన్ని ఎక్కడ పడాలో అక్కడ పడనివ్వు. లాగకు. చెయ్యి కదిలిన వేగం, నొక్కిన జోరు రెండూ ఒకటవ్వాలి. అక్షరం అయ్యాక ముందు నొక్కడం ఆపు, తర్వాతే పైకెత్తు, లేకపోతే తోక మిగులుతుంది.” పెయింటరు బుద్ధిగా విన్నాడు. తప్పు చేశాడు, తిట్టించుకున్నాడు. తల్లి ఒక మూల కూర్చుని ఆ వేడుక చూస్తూ కడుపునిండా నవ్వుకుంది.

ఆయన వంతు కూడా వచ్చింది. మెకానిక్ కాగితం చదివి పక్కన పడేశాడు.

“ఇన్ని మాటలా? బస్సులో పోయేవాడు కూడా చదవగలగాలి, అదీ బోర్డంటే. ఆవిడకి కళ్ళు ఆనవు కాబట్టి ఆవిడా బస్సులో ఉన్నట్టే లెక్క. రెండే మాటలు. ‘అమ్మకు ఎనభై.’ లావుగా, ముదురు రంగులో, అక్షరానికి అక్షరానికి మధ్య గాలాడాలి.” మెకానిక్‌కి ఫోన్ చేస్తే, కాసేపు ఆలోచించి, సరేనన్నాడు.

కేకు మీద రెండు దారాలు పరిచి మెల్లగా నొక్కి గీతలు తీశారు. మధ్య ఎక్కడుందో కొలిచి, పెయింటరు పంటిపుల్లతో చుక్క పెట్టాడు. మొదటి అక్షరంతో మొదలుపెట్టలేదు. నడిమి అక్షరాల చోటు ముందు గుర్తుపెట్టుకుని, అటూ ఇటూ పంచుకుంటూ పోయాడు. “ఇదేనా కిటుకు? నేనెప్పుడూ ఎడం నుంచి మొదలెట్టి కుడి అంచు మీద చచ్చేదాన్ని” అంది కూతురు. చాక్లెట్ లావుగా జారింది. ఒక అక్షరం దగ్గర గీత కొంచెం పక్కకి పోయింది. కూతురు పంటిపుల్లతో ఆ వంకర లేపేసింది, క్రీము చల్లగా ఉంది కాబట్టి మచ్చ పడలేదు. చివర్న కాఫీ రంగు క్రీముతో ఆయన ప్రతి అక్షరానికీ సన్నగా నీడ వేశాడు. ఏ వైపు వేశాడో వేరే చెప్పాలా?

పళ్ళేన్ని ఆనించిన షెల్ఫు మీదే కేకుని కాస్త ముందుకి వాల్చి పెట్టి, ముగ్గురూ గది ఈ చివర నిలబడి చూశారు. అమ్మకు ఎనభై. కళ్ళద్దాలు తీసేసి చూసినా తెలుస్తోంది. కూతురు తండ్రి భుజం మీద తల ఆనించింది. ఆయన పక్కకి జరగలేదు.

మర్నాడు సాయంత్రం కేకు చేరవేయడానికి కూతురితో పాటు పెయింటరు కూడా బయల్దేరాడు. పెట్టె నేనే పట్టుకుంటాను, నువ్వు కుదుపుతావు అన్నాడు. మెకానిక్ ఇంట్లో ముందు గది నిండా చుట్టాలు. కుర్చీలో సన్నగా, నిటారుగా కూర్చుని ఉంది వాళ్ళమ్మ. ఒకప్పుడు కుట్టుమిషను మీద వంగి వంగి, ఇప్పుడు ఎవరేమన్నా వంగనన్నట్టు ఉంది ఆవిడ తీరు. కేకు ఆవిడ ముందు బల్ల మీద పెట్టి, మూత తీశారు. ఎవరో చదవబోతే మెకానిక్ తన నోటికి వేలు అడ్డం పెట్టి వారించాడు.

ఆవిడ ముందుకి వంగింది. కళ్ళు చికిలించింది. పెదవులు కదిలాయి.

“అమ్మకు... ఎనభై.”

మెకానిక్ తల పక్కకి తిప్పుకుని ముక్కు ఎగబీల్చాడు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. ఆవిడకి ఆ చప్పట్లు పట్టలేదు. ఇంకా వంగి చూస్తూనే ఉంది.

“నీడ ఎడం పక్కన పడిందేమిట్రా?” అంది. “ఇలా వేసేవాడు ఒక్కడే ఉండేవాడు. ఎడంచెయ్యాయన. నా టైలరింగ్ షాపు బోర్డు ఆయన రాసిందే. నీలం మీద పసుపు. షాపు మూసిన రోజు బోర్డు దించుతుంటే, దాన్ని మాత్రం అమ్మొద్దురా అన్నాను. ఇప్పటికీ నా మంచం కింద ఉంది. ఆయన ఉన్నాడా ఇంకా?”

గోడ పక్కన ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడిన పెయింటరు దాని మూత మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఊళ్ళో ఆయన రాసిన బోర్డు ఒకటి మిగిలే ఉంది. ఒక మనిషి దాన్ని మంచం కింద దాచుకుంది.

“ఉన్నానమ్మా” అన్నాడు చివరికి. “ఇక్కడే ఉన్నాను.”

“అయితే దగ్గరికి రా, అంత దూరం నాకు కనపడవు. బోర్డు ఇస్తానని నన్ను ఎన్నిసార్లు తిప్పావో గుర్తుందా?” గదంతా గొల్లున నవ్వింది. “కోయండర్రా, తినడానికేగా చేశారు. ఆయనకి కూడా ఒక అక్షరం పెట్టండి. నీడతో సహా.”

మెకానిక్ ఒక అక్షరం ముక్క కోసి పెయింటరు చేతికిచ్చాడు. ఆయన నీడ ఉన్న వైపు నుంచి కొరికాడు. ఇన్ని వేల అక్షరాలు రాసిన మనిషి తను రాసినదాని రుచి చూడటం అదే మొదటిసారి. తియ్యగా ఉంది. ఇంకో ముక్క అడగడానికి మొహమాటపడ్డాడు కానీ, కూతురు తన ముక్క కూడా ఆయన పళ్ళెంలో వేసింది.

మర్నాడు పొద్దున పెయింటరు అలవాటు ప్రకారం పక్క సందులోకి తిరిగాడు. సంచులు దాటి, ట్రేలు దాటి, తలుపు తోశాడు. గడియ వేసి ఉంది. కొట్టాడు, పిలిచాడు, విసుక్కున్నాడు. చేసేది లేక తిట్టుకుంటూ వీధి చుట్టి షాపు ముందుకి వచ్చాడు.

గుమ్మం మీద అచ్చు బోర్డు లేదు. మేకుల గుర్తులు మాత్రం ఉన్నాయి. కింద రెండు బెంచీల మీద పొడుగాటి చెక్క పరిచి ఉంది, తెల్ల రంగు వేసి ఆరబెట్టినది. దాని మీద అడ్డంగా ఆయన కర్ర, కొసన కొత్త గుడ్డ చుట్టి. గుమ్మంలో తల్లీకూతుళ్ళు, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నారు.

పెయింటరు చొక్కా చేతులు పైకి మడిచాడు. చెక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో నిమిరి చూశాడు. చెయ్యి వణికింది. వణకనీ అనుకున్నాడు.

“చూస్తారేం ఇద్దరూ? ఆ దారం తీసుకుని చెరో కొసా పట్టుకోండి” అన్నాడు. “ముందు మధ్య ఎక్కడో చూడాలి.”